ఆన్‌రోడ్ ధర లోపల ఏముందో కూడా అచ్చు వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పండగలొస్తే చాలు మీ జిల్లా పేజీల్లో సగం కార్ల ప్రకటనలే ఉంటాయి. 'లక్ష రూపాయల వరకు లాభం' అని పెద్దక్షరాలు, అందులో 'వరకు' మాత్రం చీమ తలకాయంత, దాని పక్కన ఒక నక్షత్రం గుర్తు, ఆ గుర్తు వివరం పేజీ అడుగున భూతద్దం పెట్టినా చదవలేనంత చిన్నగా. ఆ ప్రకటన చూసి షోరూముకు పోయిన మనిషికి లోపల ఏం జరుగుతుందో మొన్న డిసెంబరులో నేను స్వయంగా చూశాను, అందుకే రాస్తున్నాను. ఉత్తరం పొడుగవుతుంది, కానీ అంకెలు లేకుండా రాస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు, కాబట్టి దయచేసి అంకెలు తీసేయకుండా వేయండి.

నాకు అనంతపురంలో డ్రిప్ సామాన్ల అంగడి ఉంది. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు రైతుల తోటలకు పోయి కొలతలు తీసుకోవాలి, ఫిల్టర్ మూసుకుపోయిందని ఫోనొస్తే పరుగెత్తాలి, దానికి తోడు మా అత్తగారి వైద్యానికి నెలకు రెండుసార్లు బెంగళూరు. మొత్తం మీద నెలకు రెండు వేల కిలోమీటర్లకు తగ్గదు. పాత డీజిల్ కారు పదేళ్లు నమ్మకంగా పనిచేసింది కాబట్టి కొత్తది కూడా డీజిలే అనుకున్నాను, నాలుగు మీటర్ల లోపు పొడుగు, 1500 సీసీ లోపు ఇంజను ఉన్న చిన్న ఎస్‌యూవీ.

డీజిల్ అందరికీ పనికిరాదు, ఈ మాట ముందే చెప్పేస్తాను. పెట్రోలు కారు కంటే డీజిల్ కారుకు నాకు లక్షా నలభై వేలు ఎక్కువైంది. నేను కొన్నప్పుడు మన దగ్గర పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరుకు పన్నెండు రూపాయల దాకా తేడా ఉండేది, పెట్రోలు బండి లీటరుకు పద్నాలుగు, డీజిల్ బండి పందొమ్మిది ఇస్తుందని లెక్క వేసుకుంటే కిలోమీటరుకు రెండు రూపాయల డెబ్భై పైసల దాకా మిగులుతుంది. అంటే ఆ లక్షా నలభై వేలు తిరిగి రావాలంటే యాభై రెండు వేల కిలోమీటర్లు తిరగాలి, నాకైతే రెండేళ్ల పైచిలుకు. రోజూ పిల్లల్ని బడి దగ్గర దింపి, సప్తగిరి సర్కిల్ దాకా పోయి కూరగాయలు తెచ్చుకునేవాళ్లకు పదేళ్లయినా రాదు. పైగా 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న, పొగ తగ్గించడానికి పెట్టిన బీఎస్-6 ప్రమాణం డీజిల్ బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, బండి అప్పుడప్పుడు హైవే మీద కాసేపు వేగంగా పోతేనే ఆ మసి కాలి శుభ్రమవుతుంది, ఊళ్లోనే తిప్పితే మూసుకుపోయి డ్యాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది. ఈ సంగతి షోరూములో మనం అడిగితే తప్ప చెప్పరు. మీ తిరుగుడు తక్కువైతే పెట్రోలు తీసుకోండి.

ఇక అసలు విషయం. షోరూములో ఏసీ, కూర్చోగానే కాఫీ, పిల్లలకు చాక్లెట్టు, మర్యాదకు ఏ లోటూ లేదు. సేల్స్ కుర్రాడు ధర్మవరం వైపు పిల్లోడు, 'అన్నా అన్నా' అంటూ ఓపిగ్గా చెప్పాడు, వాడి మీద నాకు ఏ కోపమూ లేదు, జీతం తక్కువ, బండి అమ్మితేనే నాలుగు రూపాయలు. అతను ఒక కాగితం మీద మూడే మూడు అంకెలు రాసి చివరిదానికి సున్నా చుట్టి చూపించాడు. ఆన్‌రోడ్, అంటే పన్నులు, బీమా అన్నీ కలిపి బండి రోడ్డెక్కే ధర, 14,87,000, డిస్కౌంట్ 30,000, మీకు 14,57,000. నేను డిస్కౌంట్ ఇంకో ఇరవై వేలు పెంచమన్నాను, అతను లేచి మేనేజరు గదిలోకి పోయి ఐదు నిమిషాల తర్వాత వచ్చి 'చాలా కష్టపడి ఐదు వేలు ఒప్పించానన్నా' అన్నాడు. ఇంకోసారి పోయి వచ్చి ఇంకో రెండు వేలన్నాడు. ఆ రోజు అడ్వాన్సు కట్టేసి ఉంటే నేను బేరం బాగా చేశాననే సంతోషంతోనే ఇంటికి వచ్చేవాణ్ని.

మా నాన్న ఎద్దుల సంతకు పోయినప్పుడు చిన్నతనంలో వెంట పోయేవాణ్ని. అక్కడ బేరం నోటితో చెయ్యరు, భుజం మీది తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుని చేస్తారు, పక్కన నిలబడినవాడికి ధర తెలియదు. దళారి తువ్వాలు ఎత్తితే గానీ మా నాన్న పలుపు ముట్టేవాడు కాదు. షోరూములో 'ఆన్‌రోడ్' అనే మాట కూడా ఆ తువ్వాలు లాంటిదే అనిపించింది. మరుసటి రోజు మళ్లీ పోయి, డిస్కౌంట్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ 14,87,000 లో ఏమేం ఉన్నాయో వరుసగా రాసి షోరూము ముద్ర వేసి ఇవ్వమన్నాను. అరగంట తర్వాత ఇచ్చారు.

ఎక్స్‌షోరూమ్ ధర 11,40,000. లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ కలిపి దాదాపు రెండు లక్షలు. ఇన్సూరెన్స్ 58,000. టీసీఎస్ 11,400. ఫాస్టాగ్ 600. హ్యాండ్లింగ్ 12,000. యాక్సెసరీస్ కిట్ 32,000. ఎక్స్‌టెండెడ్ వారంటీ 18,000. పెయింట్ కోటింగ్ 15,000.

ఆ కాగితం చేతికొచ్చాక నా టెన్షన్ సగం పోయింది. ఇందులో ఏది ప్రభుత్వానికి పోయేది, ఏది షోరూముకు మిగిలేది అని విడదీసుకుంటే చాలు. లైఫ్ ట్యాక్సు ప్రభుత్వానిది, కారు ధరను బట్టి శాతం మారుతుంది, దాని మీద బేరం ఉండదు, రసీదు మాత్రం అడిగి తీసుకోవాలి. టీసీఎస్ కూడా ప్రభుత్వానిదే, కారు ధర పది లక్షలు దాటితే ఒక శాతం వసూలు చేసి మన పాన్ నంబరు మీద జమ చేస్తారు. అది పోయిన డబ్బు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేసినప్పుడు మన పన్నులో తగ్గించుకోవచ్చు, పన్ను పడకపోతే వాపసు వస్తుంది. మా ఊరి రైతులు ఇద్దరు కార్లు కొన్నారు, వాళ్లు రిటర్నులు వెయ్యరు, ఆ పదకొండు పన్నెండు వేలు వెనక్కి వస్తాయని వాళ్లకు చెప్పినవాళ్లే లేరు.

ఇన్సూరెన్స్ దగ్గర కాస్త ఆగాలి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి, సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. ఆ ప్రీమియం ఏ కంపెనీ అయినా ఒకటే, 1000 నుంచి 1500 సీసీ ఇంజను ఉన్న కొత్త కారుకు మూడేళ్లకు 10,640 అని 2022లో ప్రకటించారు, పైన జీఎస్టీ. అంటే 58,000 లో ఈ భాగం పోగా మిగతాదంతా మన బండికి దెబ్బ తగిలితే ఇచ్చే ఏడాది బీమా, దాని మీద పెట్టిన జీరో డిప్రిసియేషన్ (భాగాలు పాతబడ్డాయని కోత వెయ్యకుండా ఇచ్చేది) లాంటి అదనాలు. బేరమంతా ఇక్కడే ఉంది. నేను షోరూము కాగితంలో ఉన్న ఐడీవీ (బండి పూర్తిగా పోతే బీమా కంపెనీ కట్టే విలువ), అవే అదనాలు పెట్టి బయట అడిగితే 41,000 అన్నారు. షోరూములో చెబితే మొదట 'బయట తీసుకుంటే క్లెయిమ్ అప్పుడు క్యాష్‌లెస్ రాదు సార్' అన్నారు, అంటే మరమ్మతు డబ్బు ముందు మన చేతి నుంచే పెట్టుకోవాలని. క్యాష్‌లెస్ ఇచ్చేది బీమా కంపెనీ, ఆ కంపెనీకి ఈ వర్క్‌షాపుతో ఒప్పందం ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది, పాలసీ ఎక్కడ కొన్నామన్నది లెక్క కాదు. ఆ మాట అన్నాక వాళ్లే 42,000 కు దిగారు, నేను వాళ్ల దగ్గరే తీసుకున్నాను. వెయ్యి ఎక్కువైనా రేపు ఏదైనా అయితే అడగడానికి మనిషి దగ్గర్లో ఉంటాడని.

ఇంకో సంగతి, పాత కారు మీద క్లెయిములు లేకపోతే ప్రీమియంలో తగ్గింపుగా వచ్చే నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మనది. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే యాభై శాతం దాకా ఉంటుంది. పాత కారు అమ్మేటప్పుడు బీమా కంపెనీ నుంచి ఉత్తరం తీసుకుంటే కొత్త కారుకు వాడుకోవచ్చు. నేను మధ్యలో ఒకసారి క్లెయిమ్ చేశాను కాబట్టి నాకు పెద్దగా రాలేదు, ఉన్నవాళ్లు వదులుకోకండి.

హ్యాండ్లింగ్ చార్జీ ఏ ప్రభుత్వ రుసుమూ కాదు. ఎక్స్‌షోరూమ్ ధర అంటేనే కారును షోరూములో మన చేతికి అప్పజెప్పే ధర, మళ్లీ స్టాక్ యార్డు నుంచి షోరూముకు తెచ్చినందుకు పన్నెండు వేలు మనమెందుకు కట్టాలి? ఏ నిబంధన కింద తీసుకుంటున్నారో కాగితం మీద రాసివ్వండి అని నెమ్మదిగా అడిగాను, గొంతు పెంచలేదు. రాసివ్వలేదు, కొట్టేశారు.

కిట్ దగ్గరే నాకు నిజంగా కోపం వచ్చింది. మ్యాట్లు, సీటు కవర్లు, మడ్ ఫ్లాపులు, డోర్ వైజర్లు, వెనక ఒక క్రోమ్ పట్టీ, అన్నీ కలిపి 32,000. వద్దన్నాను. 'కిట్ లేకుండా కంపెనీ డెలివరీ ఇవ్వదు సార్' అన్నారు. ఇది అబద్ధం. ఒక వస్తువు కావాలంటే ఇంకోటి కూడా కొనాల్సిందే అని షరతు పెట్టడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పు వ్యాపార పద్ధతిగానే చెబుతుంది. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు ఫోనులో కొట్టి, డయల్ చెయ్యకుండా బల్ల మీద పెట్టాను. కిట్ పోయింది, మ్యాట్లు, మడ్ ఫ్లాపులు ఊరికే ఇచ్చారు. రాయదుర్గంలో ఉండే మా బావమరిదికి ఇవేవీ తెలియవు, పోయిన ఏడాది ఇలాంటి కిట్‌కే నలభై వేలు కట్టాడు, ఆ సీటు కవర్లు ఆరు నెలలకే కుట్లు ఊడిపోయాయి. ఆ నలభై వేలు వాడి వేరుశనగ పంట డబ్బు.

పెయింట్ కోటింగ్ తీసేయించాను. వారంటీ మాత్రం 18,000 పెట్టి కావాలనే ఉంచుకున్నాను, ఈ కాలం డీజిల్ ఇంజన్లలో ఇంజెక్టర్లు, టర్బో, ఆ మసి ఫిల్టరు, ఏది పోయినా వేలల్లో పని, నేను తిరిగే తిరుగుడుకు అది అవసరం. అంటే అన్నీ కొట్టేయమని నేను చెప్పడం లేదు, మనకు ఏది కావాలో మనమే చెప్పాలి.

ఇవన్నీ అయ్యాక, 29వ తేదీన, చివర్లో డిస్కౌంట్ మాట తీశాను. నెలాఖరు, పైగా ఏడాది చివర, వాళ్లకూ టార్గెట్ ఉంటుంది, జనవరి వస్తే యార్డులో ఉన్న బండ్లన్నీ 'పోయిన ఏడాది తయారీ' అయిపోతాయి. ఆషాఢంలో కూడా ఇలాగే ఉంటుంది, ముహూర్తాలు లేవని ఎవరూ కొనరు కాబట్టి అడిగినవాడికి పలుకుతారు. దసరాకు, ఉగాదికి పోతే క్యూలో నిలబడి వాళ్లు చెప్పిందే వినాలి. పట్టింపు ఉన్నవాళ్లు ఆషాఢంలో బేరం ఖాయం చేసుకుని శ్రావణంలో డెలివరీ తీసుకుని కసాపురం ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించుకోవచ్చు, ధర మాత్రం ఆ రోజుదే అని రాయించుకోవాలి.

'జీఎస్టీ తగ్గింది కదా సార్, ఇంకా డిస్కౌంట్ ఏముంటుంది' అన్నారు. తగ్గిన మాట నిజం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి చిన్న డీజిల్ కార్ల మీద పన్ను సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది 18 అయింది. కానీ అది ప్రభుత్వం తగ్గించిన పన్ను, షోరూము తన జేబులోంచి తీసిన పైసా కాదు, ఎక్స్‌షోరూమ్ ధరలో ఎప్పుడో కలిసిపోయింది. దాన్నే డిస్కౌంట్ కింద మళ్లీ లెక్క చెప్పడం ఏం న్యాయం? ఆ లోపు కర్నూలు షోరూము నుంచి వాట్సాప్‌లో ఇంకో కొటేషన్ తెప్పించి పెట్టుకున్నాను, అందులో డిస్కౌంట్ నలభై వేలు ఉంది. అది చూపించాక మన అనంతపురం షోరూమువాళ్లు నలభై ఐదు వేలకు ఒప్పుకున్నారు.

మొత్తం 13,67,000, చిల్లర అటూ ఇటూగా. మొదట చెప్పిన 14,57,000 కంటే తొంభై వేలు తక్కువ. ఈ తొంభై వేలల్లో డిస్కౌంట్ బేరం వల్ల వచ్చింది పదిహేను వేలే. మిగతా డెబ్భై ఐదు వేలు ఆ కాగితంలో ఒక్కో వరుస చదవడం వల్ల వచ్చినవి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

పాత కారు సంగతి క్లుప్తంగా. షోరూములో రెండు లక్షల పది వేలకు కట్టి, పైన ముప్పై వేలు ఎక్స్‌ఛేంజ్ బోనస్ అన్నారు. బయట రెండు లక్షల ఎనభై ఐదు వేలకు పోయింది. ఆర్‌సీ కొన్నవాళ్ల పేరు మీదికి మారిన కాపీ చూపిస్తే బోనస్ ఇస్తారా అని అడిగితే సరేనన్నారు, అది వేరేగా వచ్చింది. అన్ని కంపెనీలూ ఇవ్వవు, అడగడంలో తప్పు లేదు.

అప్పు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, మనవాళ్లు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే. షోరూములో 'ఏడు శాతమే సార్' అంటారు, అది ఫ్లాట్ వడ్డీయా (బాకీ తగ్గినా చివరి దాకా మొదటి అప్పు మొత్తం మీదే పడేది), తగ్గే బాకీ మీద వడ్డీయా అని అడగండి. ఎనిమిది లక్షలకు ఐదేళ్లు ఫ్లాట్ ఏడు శాతం అంటే వడ్డీ రెండు లక్షల ఎనభై వేలు, నెలకు 18,000. అదే బ్యాంకులో తగ్గే బాకీ మీద తొమ్మిదిన్నర శాతం అంటే వడ్డీ రెండు లక్షల ఎనిమిది వేలు, నెలకు 16,800. వినడానికి ఏడు తక్కువ, కట్టేటప్పుడు డెబ్భై రెండు వేలు ఎక్కువ. మా బావమరిది తీసుకున్నది ఫ్లాట్ వడ్డీయే. 'ఈఎంఐ పదమూడు వేలకు తెస్తాం' అని ఏడేళ్లకు పొడిగిస్తే అదే తొమ్మిదిన్నర శాతంతో కూడా వడ్డీ దాదాపు మూడు లక్షలవుతుంది. షోరూముకు పోయే ముందే మీ బ్యాంకులో ఎంతకు ఇస్తారో అడిగి పెట్టుకోండి.

ఇంకొక్కటి. డబ్బు మొత్తం కట్టకముందే, బిల్లు, రిజిస్ట్రేషన్ కాకముందే బండిని చూడాలి. నన్ను బైపాస్ దగ్గరున్న స్టాక్ యార్డుకు తీసుకుపోయారు. ఎండలో బండ్లు వరుసగా నిలబెట్టి ఉన్నాయి, నాకు కేటాయించిన దాని మీద వేలితో పేరు రాసేంత దుమ్ము, అద్దం మీద ఎండిపోయిన పక్షి రెట్టలు. టైరు పక్కన మోకాలి మీద కూర్చుని చూస్తే దాని మీది నంబరులో చివరి నాలుగంకెలు 1225 అని ఉన్నాయి. అంటే 2025లో పన్నెండో వారం, మార్చిలో తయారైన టైరు. కారు తయారీ నెల అడిగితే ఏప్రిల్ అన్నారు, ఎనిమిది నెలలు ఎండకూ వానకూ నిలబడిన బండి. తాళం తిప్పితే బ్యాటరీ మూలిగింది. నవంబరులో తయారైన బండే కావాలన్నాను, 'ఆ రంగు రావడానికి పది రోజులు పడుతుంది' అన్నారు, పడనీ అన్నాను. తొమ్మిదో రోజు వచ్చింది. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం పడతాయి, రేపు అమ్మేటప్పుడు కొనేవాడు మొదట చూసేది దాన్నే. ఎప్పుడో తయారైన బండి వద్దనే చెప్పను, అది ఇస్తే దానికి తగ్గట్టు ఇంకో యాభై అరవై వేలు తగ్గించమని అడగండి, కొత్త బండి ధరకు మాత్రం తీసుకోకండి.

ఇదంతా నాకు సాధ్యమైంది నేను రోజూ కొటేషన్లు రాసే వ్యాపారంలో ఉన్నాను కాబట్టి, అంగడి చూసుకునే తమ్ముడు ఉన్నాడు కాబట్టి మూడు వారాలు తిరగగలిగాను. జీవితంలో ఒక్కసారి కారు కొనే టీచరమ్మకో, కొడుకు డబ్బు పంపితే కొనే పెద్దాయనకో ఇది ఎలా తెలుస్తుంది? మన పెనుకొండ పక్కనే 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, మన పిల్లలు వాటిని బిగిస్తున్నారు, ఆ కారు కొనే మనిషికి మాత్రం బిల్లులో ఏముందో అర్థం కాదు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీరు రోజూ వేరుశనగ ధర ఎంత, హిందూపురంలో చింతపండు ఎంత, మదనపల్లెలో టమోటా బాక్సు ఎంత అని వేస్తారు. ఆ ధర చూసుకునే రైతు మండీకి పోతాడు, దళారి చెప్పింది నమ్మడు. అలాగే నెలకోసారి, ఒకటో తేదీన, ఒక చిన్న గడి కట్టి లైఫ్ ట్యాక్సు ఏ ధరకు ఎంత శాతం, రిజిస్ట్రేషన్ ఎంత, థర్డ్ పార్టీ బీమా ఎంత, టీసీఎస్ ఎవరికి, అందులో లేనివి ఏవైనా కొనేవాళ్లు ఇష్టమైతేనే కట్టాలి అని వేయండి. రవాణా శాఖ అధికారులను అడిగితే వాళ్లే ఇస్తారు. కార్ల ప్రకటనలు ఇచ్చేవాళ్లను కూడా 'వరకు' అనే మాట మిగతా అక్షరాలంత పెద్దదిగా వేయమని చెప్పండి. ప్రకటన డబ్బు మీకు అవసరమే, కాదనను, కానీ ఆ పేపరు కొనేది మేము.

నా రెండు కొటేషన్లు, మొదటిదీ చివరిదీ, ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. షోరూము పేరు, ఆ కుర్రాడి పేరు నల్ల ఇంకుతో కొట్టేశాను, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

ఇట్లు,
ఒక డ్రిప్ అంగడి యజమాని,
అనంతపురం